ఏది చినుకుపలుకు?

తామ్రదుర్గం పొలిమేరలో కావలివాళ్ళు ఉప్పు బస్తాలను ఈటెలతో మూడుచోట్ల పొడిచి చూశారు. ఉప్పే రాలింది. "పో, పో" అన్నారు. మాసిన పాగా, భుజాన గొంగళి, మొహాన రెండు రోజుల దుమ్ముతో ఉన్న ఆ ఉప్పు వర్తకుడు మణిధ్వజపురం యువరాజు ఉదయకేతుడని వాళ్ళకు కలలో కూడా తట్టలేదు. కనీసం గుర్రాన్ని చూసినప్పుడైనా తట్టవలసింది. ఉప్పు మోసే గుర్రం ఎక్కడైనా అంత పొగరుగా తలెత్తి నడుస్తుందా? కానీ కావలివాళ్ళు గుర్రం మొహం చూడరు, బస్తాల బరువే చూస్తారు.

ఇంత వేషమూ, ఇంత తంటా అక్క కోసం. తల్లి పోయిన నాటినుంచి ఉదయకేతుణ్ణి ఒళ్ళో పెట్టుకుని పెంచిన అక్క కువలయిని, అంతఃపురంలో నిలుచున్నది నిలుచున్నట్టే రాయి అయిపోతోంది. తామ్రదుర్గం రాజుకు ఆమెను ఇమ్మని రాయబారం తెచ్చిన మాంత్రికుడు ధూమకంఠుడు, ఆమె నవ్వి కాదన్నదని మండిపడి, కమండలంలోని నీళ్ళు ఆమె పాదాల మీద చల్లి పొగై మాయమయ్యాడు. ఆనాటినుంచి రాయి రోజుకు జానెడు చొప్పున పైకి ఎక్కుతోంది. ఉదయకేతుడు బయలుదేరేనాటికి నడుము. ఇవాళ్టికి మెడ. రేపు పొద్దు వాలేసరికి పెదవులు మూతపడతాయి. ఆ పైన ఇక ఏ మందూ పనిచేయదు.

మందు లేకపోలేదు. రాజవైద్యుడి ముత్తాత దాచిన తాటాకుల కట్టలో ఒక ఆకు దొరికింది. దాని మీద ఇలా ఉంది: "శిల యగువారికి చినుకుపలుకును –నిపింపుము. వేరొండైన నాక్షణమే నిలువెల్ల శిల యగును." ఆ గీత ఉన్నచోట అక్షరం లేదు, చిల్లు ఉంది. పురుగు లోకంలో ఇన్ని అక్షరాలుండగా ఏరికోరి ఆ ఒక్కదాన్నే తిని పోయింది.

అది "వినిపింపుము" అన్నాడు ఒక పండితుడు. పలుకు అంటే మాట, మాటను వినిపిస్తాం గాని ఏం చేస్తాం? కాదు, "తినిపింపుము" అన్నాడు రెండోవాడు. పలుకు అంటే జీడిపప్పు పలుకు, బద్ద, తునక. దాన్ని తినిపిస్తాం గాని చెవిలో పోస్తామా? మూడోవాడు లేచి "అనిపింపుము" అన్నాడు గానీ, ఎవరిచేత ఏమనిపించాలో చెప్పలేక మళ్ళీ కూర్చున్నాడు. ఇంతకీ చినుకుపలుకు అంటే ఏమిటో ఆ ముగ్గురిలో ఒక్కడు కూడా చూసినవాడు కాడు. అది తామ్రదుర్గం సీమలో, ధూమకంఠుడు కాపురముండే మూగకొండ మీద మాత్రమే దొరుకుతుందని విని యువరాజు ఉప్పు బస్తాలు ఎత్తించాడు.

మూగకొండ అడుగున ఒకే ఒక గుడిసె ఉంది. చూరుకు ఒకవైపు వెదురు పంజరాలు, రెండోవైపు ఈతబుట్టలు వేలాడుతున్నాయి. ముంగిట్లో పిట్టలు పట్టే కొంకయ్య జువ్విపాల జిగురు కాస్తున్నాడు. పక్కనే అతని భార్య పైడమ్మ బుట్ట అల్లుతోంది.

"అత్తా, ఉప్పు కావాలా?" అని మొదలుపెట్టి, నాలుగు మాటలయ్యాక ఉదయకేతుడు మెల్లగా అడిగాడు. "ఈ కొండమీద చినుకుపలుకు దొరుకుతుందటగా, మామా?"

అంతే. ఆ ముంగిట్లో పిడుగు పడ్డా అంత గోల అయ్యేది కాదు.

"దొరక్కేం బావూ, తూరుపు వాలున ఎన్ని కావాలంతే అన్ని!" అన్నాడు కొంకయ్య.

"తూరుపునేటి, నీ మొకం! పడమటి వాలునుంతాది!" అంది పైడమ్మ.

"ఓలె, పిట్ట పడమటేపు ఏల వాల్తాదే?"

"పుట్టగొడుగు తూరుపునెలగ మొలుత్తాది?"

ఉదయకేతుడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరికి అత్తను ఒకసారి, మామను ఒకసారి బతిమాలుకుంటే తేలిందేమిటంటే, కొంకయ్య పుట్టిన ఊళ్ళో చినుకుపలుకు అంటే పిట్ట. వాన చినుకు మీద పడితేగాని పలకదు, అందుకని ఆ పేరు. పైడమ్మ కన్నవారి ఊళ్ళో చినుకుపలుకు అంటే పుట్టగొడుగు. చినుకు పడగానే పుట్టమీద శనగపలుకంత మొలుస్తుంది, అందుకని ఆ పేరు. రెండు ఊళ్ళకూ మధ్య ఈ కొండ ఒక్కటే అడ్డం. పెళ్ళయి ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఇదే తగువు.

"రెండూ ఒక్కలా ఉంటాయా?" అని అడిగాడు ఉదయకేతుడు, ఇంకేం అడగాలో తెలియక.

"ఉంతాయి బావూ, అదే కదా ఎదవ గోల" అన్నాడు కొంకయ్య. "మట్టి రంగు, మీద తెల్ల సుక్కలు. బొటనేలంత మనిసి. రెండూ పుట్టలకాడే. ఇది ఉసిళ్ళు తింతాది, అది ఉసిళ్ళ పుట్టమీద మొలుత్తాది. కానైతే నా పిట్టకి కాళ్ళు రెండు."

"నా దానికి ఒకటే కాలు. అయినా పారిపోదు, మర్యాదగా కూకుంతాది" అంది పైడమ్మ. "ఆయన పిట్ట దగ్గరికెళ్తే ఎగిరిపోతాది. నాది ఎగరదు, కానీ కాలికింద పడిందాకా కనబడదు. దానికి గొంతుంది, దీనికి వాసనుంది. అంతే తేడా."

"అయితే రెండూ తీసుకుపోతాను" అన్నాడు ఉదయకేతుడు ఉషారుగా. ఒకటి వినిపించి ఒకటి తినిపిస్తే పీడా పోతుందని ఆయన ఎత్తు. తాటాకు మీది రెండో వాక్యాన్ని ఆ ఉషారులో మరిచాడు.

మొగుడూ పెళ్ళాం మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "కుదరదు" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

పెళ్ళినాడు పెళ్ళికూతురు పుట్టింటి నుంచి కుండెడు పుట్టగొడుగుల కూర వచ్చిందట. పెళ్ళికొడుకు ముచ్చటపడి పంజరంలో పిట్టను తెచ్చి పందిట్లో వేలాడదీశాడట. చిటుకుమని చినుకు పడింది, పిట్ట పలికింది. పలికీ పలకగానే కుండలో కూర కరిగి కాటుకలా నల్లటి నీళ్ళయిపోయింది. అప్పటికే ముద్ద నోట పెట్టుకున్న వియ్యాలవారి మూతులు మూడు రోజులదాకా తెల్లబడలేదు. ఆ పిట్ట పాట చెవిన పడితే ఆ పుట్టగొడుగు నిలవదు. అందుకే అవి కొండకు చెరోవైపునా ఉంటాయి.

ఆ పైన ఉదయకేతుడు వేషం దాచలేదు. పాగా తీసి, తానెవరో, అక్క ఏ గతిలో ఉందో చెప్పాడు. రెండు మందులూ వాడే వీలు అసలే లేదు. తప్పు మందు పడితే ఆ క్షణమే నిలువెల్లా శిల. కాబట్టి ఏది నిజమైన చినుకుపలుకో ఇక్కడే తేలాలి. వింటూ వింటూ పైడమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"నడండి. ముందైతే రెండూ పట్టుకుందుం" అంది. "ఏది నిజమో కొండమీద తగువాడుకుందుం."

ఇక ఆ కొండ సంగతి. ఎర్రటి రాతి గోడల మధ్య వంకర తిరుగుతూ మెట్లు, మెట్లకు ఇరువైపులా నీలిపూల తీగలు, ఆ తీగల చాటున మనుషులు. కదలని మనుషులు. కత్తి ఎత్తిన యోధుడొకడు, నెత్తిన కుండతో ఇల్లాలొకతె, దోసిలి పట్టిన సన్యాసి ఒకడు. అందరూ రాళ్ళే. ధూమకంఠుడి కమండలం చేసిన పని అది. వాళ్ళ భుజాల మీద నాచు పట్టుచీరలా పరుచుకుంది, వాళ్ళ దోసిళ్ళలో నిలిచిన మంచునీటిని సీతాకోకచిలుకలు తాగుతున్నాయి. చూడడానికి అందంగానే ఉంది. ఉదయకేతుడు మాత్రం అటు చూడకుండా నడిచాడు.

సగం కొండ ఎక్కేసరికి పైడమ్మ పడమటికి మళ్ళింది. మగవాళ్ళిద్దరూ తూర్పుకు తిరిగారు. పది బారలు పోయారో లేదో, దారిలో ఉన్న బండ కళ్ళు తెరిచింది! బండ కాదు, ఏనుగంత ఉడుము. బుస్సుమని నాలుక చాచి కొంకయ్య నడుము చుట్టి లాగింది. కొంకయ్య జిగురుకుండ జారి లోయలో పడింది. "బావూ, సచ్చినాను!" అన్న కేక సగంలో ఆగిపోయింది. ఉదయకేతుడు ఒక్క ఉరుకున ఉడుము తలమీదికి దూకి, గొంగళిలో మూటగట్టిన ఉప్పు రెండు గుప్పిళ్ళు దాని కళ్ళలో కొట్టాడు. ఉడుము నాలుక వదిలేసి, తల బండకేసి బాదుకుంటూ అంచుదాకా పోయి, అంచు దాటింది. లోయలోంచి చప్పుడు వినిపించడానికి చాలాసేపు పట్టింది.

"ఉప్పు ఇంత మంచిదని నాకు తెలీదు బావూ" అన్నాడు కొంకయ్య నడుము పట్టుకుని.

జిగురు పోయినా కొంకయ్య చేతివాటం పోలేదు. పుట్ట పక్కన బోర్లా పడుకుని, పుల్లతో పుట్టమీద చిటచిట కొడుతూ ఉసిళ్ళు లేస్తున్నట్టు భ్రమపెట్టాడు. మట్టిరంగు పిట్ట ఒకటి గెంతుతూ వచ్చి, తన అదృష్టానికి తనే ఆశ్చర్యపోతూ అతని గుప్పిట్లో పడింది. పంజరంలో పెడితే నోరు మెదపకుండా కూచుంది.

శిఖరం మీదికి వచ్చేసరికి పైడమ్మ బుట్ట పట్టుకుని నిలుచుని ఉంది. ఆమె పక్కన ఇంకో పైడమ్మ బుట్ట పట్టుకుని నిలుచుని ఉంది.

అదే చీర, అదే ముక్కుపుడక, అదే చెంపమీద పుట్టుమచ్చ. "మావా, ఇది దెయ్యం!" అంది ఎడమవైపు పైడమ్మ. "మావా, దెయ్యం అదే!" అంది కుడివైపు పైడమ్మ. కొంకయ్య తల అటూ ఇటూ తిప్పీ తిప్పీ మెడ పట్టేసింది. ఉదయకేతుడు గొంగళి చాటున దాచిన కత్తి దూశాడు గానీ ఎవరి మీదికి? ఏమీ తోచక, నోటికొచ్చిందే అడిగాడు.

"అత్తా! చినుకుపలుకు అంటే ఏది?"

"పుట్టగొడుగే! ఇంకేటుంతాది?" అంది ఎడమది.

కుడిది సిగ్గుగా తలవంచుకుంది. "మా మావ మాటే నా మాట బావూ. పిట్టే" అంది.

కొంకయ్య కళ్ళు ఎర్రబడ్డాయి. "నా పెళ్ళాం నా మాట ఒప్పుకోడమా? ఓరి దొంగనాయాలా!" అంటూ చేతికర్ర ఎత్తి కుడివైపు పైడమ్మ నడినెత్తిన ఒక్కటిచ్చాడు. చీర పొగైంది, ముక్కుపుడక పొగైంది, ఆ పొగలోంచి జడలు కట్టిన జుట్టుతో, నుదుట బొప్పితో ధూమకంఠుడు బయటపడ్డాడు. నూరేళ్ళ తపస్సు చేసిన మాంత్రికుడు, మొగుడూ పెళ్ళాల తగువు ముందు ఒక్క మాటకు దొరికిపోయాడు.

"పిట్టలవాడా!" అని గర్జించి కమండలం విసురుగా ఊపాడు. ఉదయకేతుడు కొంకయ్యను పక్కకు తోశాడు. ఆ నీళ్ళు యువరాజు ఎడమపాదం మీద పడ్డాయి. అదే ఊపులో ఆయన విసిరిన కత్తి కమండలాన్ని రెండుగా చీల్చింది. మిగిలిన నీళ్ళు మాంత్రికుడి కుడిభుజం మీదే చిందాయి. చూస్తుండగానే ఆ చెయ్యి రాయైంది. ఆ బరువు ఆపుకోలేక ధూమకంఠుడు తూలి, అరుస్తూ లోయలోకి జారిపోయాడు. చచ్చాడో బతికాడో చూసేందుకు ఎవరికీ తీరిక లేదు.

ఉదయకేతుడు ఒక అడుగు వేయబోయాడు. పాదం రాలేదు. చీలమండ దాకా నల్లరాయి.

"బావూ!" అని పైడమ్మ పరుగున వచ్చి బుట్ట మూత తీసింది. లోపల ఆకుల్లో తెల్లచుక్కల పుట్టగొడుగు. ఒక్కటే. "ఈ ఏడు వానల్లేక ఇదొక్కటే మొలిసింది. తిను. ముందు నువ్వు తిను బావూ, తరవాత సూద్దుం."

"ఒక్కటేనా, అత్తా?"

"ఒక్కటే."

ఉదయకేతుడు బండకు చేరగిలబడి కాసేపు ఆలోచించాడు. ఆలోచించేకొద్దీ చిక్కుముడి బిగిసింది. మాంత్రికుడు పిట్ట అన్నాడు. మాంత్రికుడు చెప్పేది అబద్ధం కాబట్టి పుట్టగొడుగే నిజమా? లేక కొంకయ్యను మెప్పించబోయి పొరపాటున నిజమే కక్కాడా? పండితులు చెప్పలేరు, తాటాకు చెప్పదు, ఇక్కడి మనుషులు చెరో మాట చెబుతారు. పెదవులు మూతపడటానికి రేపు పొద్దు వాలేదాకానే గడువు.

ఉన్నట్టుండి ఆయన మొహం విప్పారింది.

"మామా, పిట్ట ఎన్నిసార్లయినా పాడుతుందా?"

"సినుకు పడ్డప్పుడల్లా పాడతాది. నాలుగు నీటిసుక్కలు సిలకరించినా సాలు."

"పుట్టగొడుగు ఒక్కరు తింటే అయిపోతుంది. పిట్ట పాట నేను విన్నా ఇంకా మిగిలే ఉంటుంది. అవునా? అయితే పాట ముందు నాకు వినిపించు. నా పాదం మళ్ళీ మాంసమైందా, పిట్టే చినుకుపలుకు. దాన్ని తీసుకుని ముగ్గురమూ పోదాం. కాలేదా, పుట్టగొడుగు అక్కకు."

"కాకపోతే నువ్వు..." అని పైడమ్మ ఆగిపోయింది.

"అప్పుడు ఏది కాదో మీకు తెలుస్తుంది కదా."

"ఒద్దు బావూ. నీకు దండమెడతాను. ఇది నువ్వు తినీయ్."

"తింటే నాకు తెలుస్తుంది, అక్కకు మిగలదు" అన్నాడు ఉదయకేతుడు. "అత్తా, నేను మూడేళ్ళవాణ్ణప్పుడు మశూచి సోకితే అందరూ గది బయటే నిలబడిపోయారు. లోపలికి వచ్చి నన్ను ఎత్తుకున్నది అక్క ఒక్కతే. అక్కకప్పుడు పదకొండేళ్ళు." వేలినుంచి రాజముద్ర ఉంగరం తీసి ఆమె గుప్పిట్లో పెట్టాడు. "కిందికి పో. గుడిసె ముందున్న గుర్రం దగ్గర నిలబడు. గట్టిగా అరిచినా వినపడనంత దూరం పోవాలి. గుర్రానికి ఇంటిదారి తెలుసు."

పైడమ్మ వెళ్ళింది. వెనక్కి తిరిగి చూసుకుంటూ, తడబడుతూ, బుట్టను చంటిబిడ్డలా పొట్టకు అదుముకుని వెళ్ళింది.

గుర్రం దగ్గరికి చేరాక ఆమె నేలమీద చతికిలబడి కొండ వైపు చేతులు జోడించింది. ఇరవై ఏళ్ళుగా, ఊరుమ్మడి జాతరలోనైనా, ఇంట్లో దీపం ముందునైనా, ఆమె కోరిక ఒకటే: ఆ తగువులో తన మాట నెగ్గాలి. ఇవాళ మాత్రం ఊళ్ళో ఉన్న అమ్మవార్లందరికీ పేరుపేరునా మొక్కింది. "అమ్మా, మావ మాటే నెగ్గించు. పిట్టే అవనీ. నాది ఉత్త కూర అని లోకమంతా నవ్వనీ. తల్లీ, పిట్టే అవనీ."

నీడ బెత్తెడు పక్కకు జరిగింది. గుర్రం చెవులు నిక్కించి కొండవైపే చూస్తోంది.

కొంకయ్య దిగి వస్తూ కనిపించాడు. ఒక్కడే వస్తున్నాడు. చేతిలో పంజరం ఉంది, దాని తలుపు తెరిచి ఉంది, లోపల పిట్ట లేదు.

"ఏటయింది మావా?"

అతను దగ్గరికి వచ్చి, పంజరం నేలమీద పెట్టి, పాగాతో మొహం తుడుచుకున్నాడు.

"పాట మొదలవగానే నవ్వినాడే. ఎంత బాగుంది మావా అన్నాడు. ఆ నవ్వు అలగే ఉండిపోయింది." కొంకయ్య ఆమె చేతిలోని బుట్టకేసి చూపించాడు. "నీదేనే. నీదే సినుకుపలుకు."

పైడమ్మ లేచి అతని గుండెలమీద రెండు చేతులతోనూ కొట్టింది. "కాదను. మావా, కాదను! పిట్టే అను. ఇన్నాళ్ళూ అన్నావు కదా, ఇప్పుడేటొచ్చింది నీకు? అను!"

కొంకయ్య ఆ చేతులు రెండూ పట్టుకున్నాడు. ఉప్పు బస్తాలు దించేసి, ఆమెను ఎత్తి గుర్రం మీద కూచోబెట్టి, బుట్టను కొంగుతో నడుముకు గట్టిగా కట్టాడు. పుట్టి బుద్ధెరిగి గాడిదనైనా ఎక్కని మనిషి ఆమె. కళ్ళెం ఎలా పట్టుకోవాలో కూడా తెలియక గుర్రం జూలు పట్టుకుంది.

"నాను బావు కాడ కాపలా ఉంతాను. ఆయన్ని ఇలగ ఒంటరిగా ఒగ్గీలేను" అన్నాడు కొంకయ్య. "పో. ముందు ఆ తల్లిని బతికించు."

ఆ మాట పూర్తికాకముందే చల్లగాలి వీచింది. ఇద్దరూ తలెత్తి చూశారు. నెల్లాళ్ళుగా ఎదురుచూసినా రాని మబ్బు, తూర్పు వాలు మీద ఎనుబోతులా దిగుతోంది. అక్కడి పుట్టల మీద వందల పిట్టలు నోరు మూసుకుని చినుకు కోసం కాచుకుని ఉన్నాయి. వాటిలో ఒక్కటి పలికినా, ఆ పలుకు గాలివాటున ఇక్కడికి వచ్చినా, బుట్టలో మిగిలేది నల్లటి నీళ్ళే.

"పోనీయ్! ఆపకు!" అని కొంకయ్య గుర్రం తొడమీద చరిచాడు. రాజలాయంలో పుట్టిన గుర్రం ఉప్పు బస్తాల అవమానమంతా ఒక్క దూకులో తీర్చుకుంది. పైడమ్మ కేక వేయబోయి, నోరు మూసుకుని, బుట్టమీదికి వంగి తన ఒంటితో దాన్ని కప్పేసింది. వెనక శిఖరం మీద నవ్వుతూ నిలుచున్న ఉదయకేతుడి భుజం మీద మొదటి చినుకు పడింది.